అలర్జీ ఉన్న కుక్కకు మెడికేటెడ్ షాంపూ ఏళ్ల తరబడి వాడొచ్చా?

వెట్ రాసిచ్చిన చీటీ మీద ‘వారానికి రెండుసార్లు, పది నిమిషాలు ఉంచి కడగాలి’ అని ఉంటుంది. ఎన్నాళ్లు అన్నది మాత్రం చాలా చీటీల్లో ఉండదు. నెల తిరిగేసరికి దురద తగ్గుతుంది, షాంపూ ఆపేస్తారు, కొన్ని వారాలకే కుక్క మళ్లీ పాదాలు నాకడం మొదలుపెడుతుంది, మళ్లీ సీసా కొంటారు. అలా ఏడాది గడిచాక ఇంట్లో ఎవరో ఒకరికి టెన్షన్ మొదలవుతుంది: ఇంత మందు ఒంటి మీద పోస్తున్నాం కదా, లోపలికి ఇంకి లివర్‌కో కిడ్నీకో ఏమైనా చేస్తుందేమో అని. అడగాల్సిన ప్రశ్నే. అయితే జవాబు ఆ సీసాలో ఏముందన్నదాన్ని బట్టి మారిపోతుంది, ఎందుకంటే ‘మెడికేటెడ్’ అన్న ఒక్క మాట కింద ఒకదానికొకటి సంబంధం లేని సరుకులు అమ్ముడవుతున్నాయి.

కొన్నింటిలో క్రిములను చంపే మందు ఉంటుంది. క్లోర్‌హెక్సిడిన్, మికోనజోల్, కీటోకొనజోల్ ఈ కోవలోవి. కొన్నింటిలో జిడ్డునీ పొట్టునీ వదలగొట్టేవి ఉంటాయి: సల్ఫర్, సాలిసిలిక్ యాసిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్, కోల్ టార్, సెలీనియం సల్ఫైడ్. ఇంకొన్నింటిలో ఓట్స్, కలబంద, సెరమైడ్ల లాంటివి, అంటే చర్మాన్ని చల్లబరిచి తేమ నిలిపేవి. ఇవి కాక ముందువైపు వేపాకు బొమ్మ వేసి, వెనకవైపు ఏ మందు ఎంత శాతమో రాయని సీసాలు కూడా మెడికేటెడ్ పేరుతోనే దొరుకుతాయి. వాటి గురించి మాట్లాడటానికి పెద్దగా ఏమీ లేదు, శాతం రాయని సీసాకి మందు ధర పెట్టక్కర్లేదు.

ముందు జబ్బు సంగతి చూద్దాం. మన దగ్గర ల్యాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, పగ్‌లు, షిట్జూలు, జర్మన్ షెపర్డ్‌లలో తరచూ కనిపించేది అటోపిక్ డెర్మటైటిస్ అనే చర్మ అలర్జీ. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య బయటపడుతుంది. పాదాలు నాకడం, మూతిని సోఫాకేసి రుద్దడం, చెవులు ఎర్రబడటం, చంకల్లో, గజ్జల్లో, పొట్ట కింద దురద, ఇవీ గుర్తులు. ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని మైట్లనే పురుగులు, పుప్పొడి, బూజు లాంటి వాటి మీద ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడమే కారణం. దీంతోపాటు చర్మం పైపొర కూడా బలహీనంగా ఉంటుంది. కణాల మధ్య నిండి ఉండాల్సిన సెరమైడ్లనే కొవ్వు పదార్థాలు తక్కువగా ఉండటంతో తేమ బయటికి పోతుంది, అలర్జీ కలిగించేవి లోపలికి వస్తాయి. అసలే కుక్క చర్మం మనదానికంటే పలచన. మన చర్మం పైపొరలో పది పదిహేను వరసల కణాలుంటే కుక్కకు మూడు నుంచి ఐదు వరసలే ఉంటాయని చెబుతారు.

ఈ బలహీనమైన చర్మం మీద రెండు రకాల క్రిములు పెరిగిపోతాయి. ఒకటి స్టెఫైలోకాకస్ సూడింటర్‌మీడియస్ అనే బ్యాక్టీరియా, రెండోది మలసీజియా అనే ఈస్ట్. రెండూ ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి మీద కూడా కొద్దిగా ఉంటాయి. అలర్జీ కుక్క మీద ఎక్కువైపోయి, చీము పొక్కులు, గుండ్రటి పొట్టు మచ్చలు, జిడ్డు, ఆ పులిసిన వాసన తెస్తాయి. దురదలో ఎంత వాటా అలర్జీది, ఎంత వాటా ఈ క్రిములది అనేది కంటితో చూసి చెప్పడం కష్టం. షాంపూ పని చేసేది ఈ రెండో వాటా మీద. అలర్జీ మాత్రం దానితో పోదు. అందుకే ఆపగానే తిరిగి వస్తుంది, అందుకే ఏళ్ల తరబడి వాడాల్సి వస్తుంది, అంతేగానీ షాంపూకి ‘అలవాటు పడిపోవడం’ అంటూ ఏమీ లేదు.

ఇక ఎక్కువమంది వాడే క్లోర్‌హెక్సిడిన్ దగ్గరికి వద్దాం. ధనావేశం ఉన్న అణువు కావడంతో క్రిముల పొరకీ చర్మానికీ అతుక్కుంటుంది, కడిగేశాక కూడా కొంతసేపు పని చేస్తూనే ఉంటుంది. లోపలికి ఇంకడం మాత్రం చాలా తక్కువ. కాబట్టి లివర్, కిడ్నీ భయం ఈ మందు విషయంలో దాదాపు పక్కన పెట్టొచ్చు. కీటోకొనజోల్ గురించి కూడా ఇదే అనుమానం వస్తుంది, ఎందుకంటే ఆ మాత్రలు లివర్‌ని దెబ్బతీయగలవని చాలామంది విని ఉంటారు. మాత్ర సంగతి వేరు, రాసి కడిగేసే 2 శాతం షాంపూ సంగతి వేరు. షాంపూలోంచి రక్తంలోకి చేరేది లెక్కలోకి రానంత తక్కువ.

నిజానికి చర్మవైద్య నిపుణులు ఇప్పుడు షాంపూ వైపే మొగ్గుతున్నారు. కుక్కల అటోపిక్ డెర్మటైటిస్ చికిత్స మీద అంతర్జాతీయ నిపుణుల బృందం 2015లో సవరించి ఇచ్చిన మార్గదర్శకాల్లో చర్మాన్ని మండించని షాంపూతో, గోరువెచ్చటి నీళ్లతో, కనీసం వారానికోసారి స్నానం చేయించమని ఉంది. మలసీజియా మీద 2020లో వచ్చిన మార్గదర్శకాలు 2 శాతం మికోనజోల్, 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూని వారానికి రెండుసార్లు వాడటానికి గట్టి ఆధారం ఉందన్నాయి. చర్మం పైపైన చీము పొక్కుల విషయంలో 2015లోనే అచ్చయిన ఒక పరిశోధనలో 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ షాంపూ, అదే మందు ద్రావణం నాలుగు వారాలు వాడిన కుక్కలు, అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయోటిక్ మాత్రలు వేసుకున్న కుక్కలతో సమానంగా కోలుకున్నాయి. ఇది చిన్న విషయం కాదు. ప్రతి మూడు నెలలకీ ఓ యాంటీబయోటిక్ కోర్సు, మధ్యమధ్యలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు అని నడిచే కుక్కలు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో చూస్తే, దీర్ఘకాలంలో ప్రమాదం ఎటువైపు ఎక్కువో అర్థమవుతుంది. ఒకటి క్రిముల్ని మొండివిగా తయారుచేస్తుంది, రెండోది ఆకలి, దాహం, బరువు పెంచి, చర్మాన్ని ఇంకా పలచన చేసి, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది.

మరి క్రిములు షాంపూకి కూడా మొండికెయ్యవా? స్టెఫైలోకాకస్‌లో క్లోర్‌హెక్సిడిన్ లాంటి మందుల్ని బయటికి తోసేసే జన్యువులు కనిపించిన మాట నిజం. కానీ లెక్క చూడండి. 2 శాతం షాంపూ అంటే మిల్లీలీటరుకి 20,000 మైక్రోగ్రాముల మందు, ల్యాబ్‌లో ఆ బ్యాక్టీరియాని ఆపడానికి సాధారణంగా కావాల్సింది కొన్ని మైక్రోగ్రాములే. తడి ఒంటి మీద నురగలో పలచబడినా ఇంకా బోలెడు మిగులుతుంది. మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కి లొంగని మొండి రకాల మీద కూడా ఇది పని చేయడానికి కారణం అదే. అయితే షాంపూని మరీ పలచన చేసి, రెండు నిమిషాలకే కడిగేస్తూ నెలల తరబడి వాడితే ఆ మిగులుని చేజేతులా తగ్గించుకున్నట్టే.

జిడ్డు వదలగొట్టే రకానికి ఈ భరోసా ఇవ్వలేం. బెంజాయిల్ పెరాక్సైడ్ రంధ్రాల లోపలిదాకా శుభ్రం చేస్తుంది, నిజమే, కానీ చర్మాన్ని బాగా ఎండగొడుతుంది, తువ్వాళ్లకీ దుప్పట్లకీ రంగు పోగొడుతుంది. కుక్కలకు వాడేది 2.5 శాతం చుట్టుపక్కల. మనుషుల మొటిమల క్రీము దానికన్నా ఘాటుగా ఉండొచ్చు, అది తెచ్చి రాయకూడదు. కోల్ టార్ని కుక్కలకు వాడటం చర్మ వైద్యులు చాలావరకు తగ్గించేశారు, పిల్లులకైతే అది విషం. ఇంట్లో పిల్లి కూడా ఉండి రెండూ కలిసి పడుకుంటే ఆ సీసా అసలు కొనొద్దు. సెలీనియం సల్ఫైడ్ చర్మాన్ని మండిస్తుంది. సల్ఫర్, సాలిసిలిక్ యాసిడ్ కలిసినవి జిడ్డుగా, మందంగా పొట్టు కట్టిన చర్మానికి కొన్ని వారాలు పనికొస్తాయి. కానీ మామూలు అటోపిక్ కుక్క చర్మానికి అసలు సమస్యే పొడిబారడం, కొవ్వు తగ్గడం అయినప్పుడు, ఉన్న కాస్త కొవ్వునీ వారం వారం కడిగేస్తే దురద పెరక్క ఏమవుతుంది? ఈ రకాన్ని ఏళ్ల తరబడి వాడకూడదని గట్టిగానే చెప్పొచ్చు.

క్లోర్‌హెక్సిడిన్‌తో కూడా ఇబ్బందులు లేకపోలేదు. మొదటిది కళ్లు. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరని ఇది దెబ్బతీయగలదు, అందుకే ముఖం మీద నురగ పెట్టకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు. పొరపాటున పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో చాలాసేపు కడిగి వెట్‌కి చూపించాలి. రెండోది చెవి. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే మందు లోపలికి దిగి వినికిడినే పాడుచేయొచ్చు. అలర్జీ కుక్కల్లో చెవి జబ్బులు మామూలే కాబట్టి ఈ జాగ్రత్త ఉత్త మాట కాదు. మూడోది పొడిబారడం, దీనికి స్నానం తర్వాత కుక్కల కండిషనరో, సెరమైడ్లున్న స్ప్రేనో వాడితే చాలావరకు సరిపోతుంది. నాలుగోది, అరుదుగా, ఆ మందే పడకపోవడం. మనుషుల్లో క్లోర్‌హెక్సిడిన్ అలర్జీ గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ప్రత్యేకంగా హెచ్చరించింది. కుక్కల్లో గుర్తుపట్టడానికి చూడాల్సింది వెంట్రుకలు లేని చోట్లు: పొట్ట కింద, గజ్జలు, వృషణాల సంచి, చెవి లోపలివైపు. స్నానం చేయించిన గంటల్లో గానీ మర్నాడు గానీ అక్కడ ఎరుపు పెరిగి, రెండు మూడు రోజులకు తగ్గి, మళ్లీ స్నానంతో మళ్లీ వస్తుంటే అనుమానం జబ్బు మీద కాకుండా సీసా మీద పడాలి. కొత్త షాంపూ తెచ్చినప్పుడు ముందు తొడ లోపలివైపు కొంచెం రాసి, కడిగి, ఒకరోజు చూడటం మంచిది.

ఇప్పుడు అసలు నష్టం ఎక్కడ జరుగుతుందంటే, ఖర్చు దగ్గర. ముప్పై కిలోల ల్యాబ్రడార్‌కి ఒళ్లంతా పట్టాలంటే ఒక్కో స్నానానికి నలభై యాభై మిల్లీలీటర్లయినా పడుతుంది, 200 మిల్లీలీటర్ల సీసా నాలుగైదు స్నానాలకే అయిపోతుంది. వారానికి రెండుసార్లంటే నెలకు రెండు సీసాలు. అంత పెట్టలేక చాలామంది సగం షాంపూని ఓ ఖాళీ నీళ్ల బాటిల్లో పోసి, నీళ్లు కలిపి, బాత్రూంలో మూల పెట్టుకుని నెలంతా వాడతారు. గ్రూమింగ్ షాపుల్లో కూడా ఈ పద్ధతి ఉంది. ఇది నిజంగా ప్రమాదకరం. నీళ్లు కలిపి రోజుల తరబడి ఉంచిన షాంపూలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరగొచ్చు. దాన్ని గట్టిగా, వెంట్రుకలకి ఎదురుగా రుద్దినప్పుడు అది వెంట్రుక కుదుళ్లలోకి దిగి, ఒకటి రెండు రోజుల్లో వీపంతా నొప్పి పుట్టే పొక్కులు, రక్తం, చీము, జ్వరం తెస్తుంది. కుక్క వీపు ముట్టుకోనివ్వదు, లేవడానికి మూలుగుతుంది. ఇది చూసి చాలామంది ‘షాంపూ పడలేదు’ అనుకుంటారు. మందు తప్పేమీ ఉండదు, తప్పంతా ఆ బాటిల్‌ది. కలిపితే ఆ పూటకి సరిపడా కలిపి, మిగిలింది పారబోయాలి. ఇలాంటి పొక్కులు వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఇంటి వైద్యం కుదరదు.

ఖర్చు తగ్గించడానికి వేరే దార్లున్నాయి. ప్రతిసారీ ఒళ్లంతా కడగక్కర్లేదు. పాదాలే సమస్య అయితే మగ్గులో మందు నీళ్లు కలిపి ఒక్కో పాదాన్నీ ముంచి ఉంచొచ్చు, చంకలకీ పొట్టకీ మాత్రమే నురగ పెట్టొచ్చు, స్నానాల మధ్య క్లోర్‌హెక్సిడిన్ వైప్స్‌తో వేళ్ల సందులు తుడవొచ్చు. షిట్జూ లాంటి వాటికి పొట్ట కింద, గజ్జల్లో వెంట్రుకలు కత్తిరిస్తే సగం షాంపూతోనే పని అవుతుంది, ఎందుకంటే మందు చేరాల్సింది చర్మానికి, వెంట్రుకలకి కాదు. ముందు మామూలు సబ్బుతో రుద్ది మురికి వదిలించి తర్వాత మందు పెట్టేవాళ్లు ఆ సబ్బుని శుభ్రంగా కడిగేయాలి, సబ్బు మిగిలితే క్లోర్‌హెక్సిడిన్ పని తగ్గిపోతుంది. ఆ పది నిమిషాలు కూడా గడియారం చూసి ఉంచాలి. గోరింటాకు పెట్టుకుని వెంటనే కడిగేసుకుంటే ఎంత పండుతుందో, రెండు నిమిషాల స్నానంతో అంతే ఫలితం. ఈలోపు కుక్క నాక్కుండా చూడాలి, దాంతో కాసేపు ఆడుకుంటే సమయం తెలియకుండానే గడిచిపోతుంది. ఎక్కువ జబ్బున్న చోట ముందు రాసి, బాగున్న చోట చివర్లో రాయడం ఇంకో సులువు. నీళ్లు గోరువెచ్చగానో చల్లగానో ఉండాలి, గీజర్ వేడినీళ్లు దురదని రేపుతాయి. తర్వాత తుడిచి ఆరబెట్టడం, ముఖ్యంగా వేళ్ల సందుల్లో, చంకల్లో. కోస్తా ఉక్కపోతలో, వానాకాలంలో తడి అలాగే ఉండిపోతే మలసీజియాకి అంతకంటే కావాల్సింది లేదు.

ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టడం ఇంకో అలవాటు. డెట్టాల్ నీళ్లు, బట్టల సబ్బు, కుంకుడుకాయ రసం, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్క్రబ్, క్లోర్‌హెక్సిడిన్‌తో సెట్రిమైడ్ కలిసిన యాంటీసెప్టిక్ ద్రావణాలు. గాయం చుట్టూ ఒకసారి తుడవడానికి పనికొచ్చేవి ఒళ్లంతా వారం వారం పోయడానికి పనికిరావు. సబ్బు క్షారం, కుంకుడు నురగ కళ్లని మండిస్తుంది. వేపాకు మరిగించిన నీళ్లతో పెద్ద హాని లేదు, కానీ దానితో చీము పొక్కులు తగ్గుతాయని ఎదురుచూస్తూ నెల పోగొట్టొద్దు. ‘సహజం’ అన్న మాటకి పడిపోవద్దు కూడా: పలచన చేయని టీ ట్రీ ఆయిల్ వల్ల 2002 నుంచి 2012 మధ్య అమెరికాలో కుక్కలూ పిల్లులూ కలిపి 443 విషప్రభావం కేసులు ఒక వెటర్నరీ పత్రికలో నమోదయ్యాయి, నడవలేకపోవడం, వణుకు, నీరసం వాటి లక్షణాలు. ఇక వీధికుక్కల గజ్జికి వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది వైద్యం కాదు, హింస. స్టెరాయిడ్ కలిసిన క్రీములు, క్లోబెటసాల్ లాంటివి, మనుషుల కోసం కొన్నవి కుక్క పొట్టకి రాయడం కూడా ఆపాలి: పలచటి చర్మం ఇంకా పలచబడుతుంది, పైగా అది రాసినదంతా నాకేస్తుంది.

గోమార్ల సంగతి చాలామంది మర్చిపోతారు. వారానికి రెండు స్నానాలు చేసే కుక్కకి మెడ మీద చుక్కలు వేసే ఫిప్రోనిల్ లాంటి మందు నిలవదు, అది చర్మం కొవ్వులోనే నిల్వ ఉంటుంది కాబట్టి, షాంపూ దాన్ని తీసేస్తుంది. స్నానానికీ ఆ మందుకీ మధ్య అటూ ఇటూ రెండు రోజులు ఎడం పాటించమంటారు, కానీ వారానికి రెండుసార్లు స్నానంలో ఆ ఎడం ఎక్కడ కుదురుతుంది? గోమార్ల వల్ల ఎర్లీకియా జ్వరం వచ్చే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. నోటి ద్వారా ఇచ్చే గోమార్ల మాత్రకి మారే విషయం డాక్టర్‌ని అడగాలి. మూర్ఛ వచ్చిన కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పాలి, ఆ రకం మాత్రల మీద అలాంటి హెచ్చరిక ఉంది.

ఎన్నాళ్లు అన్న ప్రశ్నకి జవాబు క్యాలెండర్‌లో కంటే గాజు పలక మీద బాగా దొరుకుతుంది. చర్మం మీద పారదర్శకమైన టేపు అంటించి తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఈస్ట్ వేరుశనగ కాయ ఆకారంలో, బ్యాక్టీరియా చిన్న చుక్కల గుంపులుగా కనిపిస్తాయి. నిమిషాల పని, ఖరీదైనది కాదు. రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులే కాదు, మైక్రోస్కోపు ఉన్న ఏ క్లినిక్‌లోనైనా చేయొచ్చు. మొదటి మూడు నాలుగు వారాలు వారానికి రెండు మూడుసార్లు మందు షాంపూ, తర్వాత పలక చూసి క్రిములు తగ్గితే వారానికోసారి, ఇంకా బాగుంటే పది పదిహేను రోజులకోసారి. పలక మీద క్రిములే లేకుండా దురద మాత్రం అలాగే ఉంటే క్రిముల్ని చంపే షాంపూ ఇంక ఎవర్ని చంపడానికి? అప్పుడు తేమ నిలిపే మామూలు షాంపూకి మారి, దురద సంగతి అలర్జీ మందులతో చూసుకోవాలి. ఆపోక్వెల్ పేరుతో దొరికే ఒక్లాసిటినిబ్ అనే దురద తగ్గించే మాత్రకి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది, ఇప్పుడు మన వెట్లు కూడా రాస్తున్నారు. వానాకాలం రాగానే మళ్లీ మందు షాంపూ పెంచడం, చలికాలంలో తగ్గించడం చేయొచ్చు. ఒకే లెక్కని పన్నెండు నెలలూ మొండిగా నడిపించక్కర్లేదు.

వారానికి మూడుసార్లు కడిగినా రెండు రోజులకే వాసన వచ్చేస్తుంటే, షాంపూ మార్చుకుంటూ పోవడం డబ్బు దండగ. వెనకాల ఇంకేదో చూడకుండా ఉండిపోయింది. చిన్న వయసు కుక్కలో డెమోడెక్స్ అనే మైట్ తెచ్చే చర్మ జబ్బు, వయసు మళ్లిన కుక్కలో థైరాయిడ్ తగ్గడం, ఏ వయసులోనైనా తిండి అలర్జీ. తిండి పరీక్షంటే ఎనిమిది వారాలు ఇంతవరకూ తినని ఒకే ప్రోటీన్‌తోనో, వెట్ ఇచ్చే హైడ్రోలైజ్డ్ (ప్రోటీన్‌ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన) ఆహారంతోనో నడపాలి. కుక్కల తిండి అలర్జీల్లో ఎక్కువగా దొరికేవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. మన ఇళ్లలో కుక్కకి పెరుగన్నం, చికెన్ ముక్కలు, టీలో ముంచిన బిస్కెట్టు రోజూ నడిచేవే కాబట్టి ఆ ఎనిమిది వారాలూ మూడూ బంద్, రుచి కలిపిన నమిలే మాత్రలు కూడా. తాతయ్య భోజనం దగ్గర కింద వేసే పెరుగన్నం ముద్ద ఒక్కటి చాలు, లెక్క మళ్లీ మొదటికి రావడానికి.